ఎదుటివాళ్ల మాట కూడా రాసిన చిన్నాయన

మా చిన్నాయన రెండు వారాల కింద, బుధవారం నాడు పోయాడు. "మీ చిన్నాయన లేడు బిడ్డా" అని దవాఖాన నుంచి ఫోన్ చేసి చిన్నమ్మ ఒక్క మాటే అనగలిగింది. జహీరాబాద్‌లో పత్రికా విలేకరిగానే ఆయన జీవితమంతా గడిచింది.

నేను నడిపే యూట్యూబ్ వార్తల ఛానల్‌ను ఆయన 'ఫోన్ పేపర్' అని వెక్కిరించేవాడు. "ఇయ్యాల్టి పేపర్ల ఛార్జింగ్ ఉన్నదా?" అని అడిగేవాడు. కానీ ఇంటర్నెట్‌లో ఏం ఉండాలో, ఏం తీసేయాలో చెప్పే కొత్త నిబంధనలు వచ్చినప్పుడు నాకంటే ఎక్కువ ఆరాటపడింది ఆయనే. పెద్ద పత్రికలు ఢిల్లీ ప్రకటనలు, వకీళ్ల వాదనలు వేసి ఊరుకున్నాయి. చిన్నాయన షేర్ ఆటో ఎక్కి ఝరాసంగం దాకా పోయి, "మీ వీడియో ఎవరన్న తీసేయించిన్రా?" అని కనబడినవాళ్లనల్లా అడిగాడు.

"ఎవరి నోరు మూసిన్రో రాయకపోతే గది వార్తెట్లయితది?" అనేవాడు.

చివరికి ఆ వార్త మా ఇంటికే వచ్చింది. రాయికోడ్ దగ్గరి ఒక రైతమ్మ, ఫ్యాక్టరీ నీళ్లు తన బావిలో కలుస్తున్నాయని నా ఛానల్‌లో మాట్లాడింది. ఫ్యాక్టరీవాళ్లు ఆ కొత్త నిబంధనల కిందే ఫిర్యాదు చేసి ఆ వీడియో తీసేయించారు. నాకు నోటీసు వచ్చింది. భయమేసి ఛానల్ మూసేద్దామనుకున్నాను.

చిన్నాయన ఆమె మాటలను తన పత్రికకు రాశాడు. వార్త పంపేముందు అందులో ఉన్నవాళ్లను చాయ్ హోటల్లో కూర్చోబెట్టి చదివి వినిపించడం ఆయన అలవాటు. ఈసారి రైతమ్మతోపాటు ఫ్యాక్టరీ మేనేజర్‌నూ పిలిచాడు. అతని అభ్యంతరాన్ని ఒక్క ముక్క వదలకుండా చేర్చాడు. నాకు ఒళ్లు మండింది.

"వాళ్ల మాటెందుకు చిన్నాయనా?"

"వాళ్ల నోరు మనం మూస్తే ఇగ మనకూ వాళ్లకూ ఫరక్ ఏముంది బిడ్డా? ఫికర్ చెయ్యకు. ఇద్దరి మాటా చదివినోళ్లకు తెలుస్తది."

వార్త అచ్చయింది. నా వీడియో మాత్రం తిరిగి రాలేదు. అయినా ఛానల్ మూయలేదు. ఆ ధైర్యం ఆయన ఇచ్చిందే. ఇప్పుడు ఆయన లేడంటే నిజంగా దిగులుగా ఉంది.

దినాల రోజు ఆ రైతమ్మ వచ్చింది. ఫోటోకు దండం పెట్టి నా పక్కన కూర్చుంది.

"మా బాయి నీళ్లు ఇంకా గట్లనే ఉన్నయ్ బిడ్డా. మళ్ల మాట్లాడత. ఫోన్ తియ్యి."

"మళ్లా నోటీసొస్తే?"

"వస్తే రానీ. జర సక్కగ పట్టుకో."

ఫోన్ తీశాను. చక్కగా పట్టుకున్నాను. ఆమె కొంగు తలమీదికి లాక్కుని, సూటిగా కెమెరాలోకి చూస్తూ, ముందు తన పేరు, తన ఊరు గట్టిగా చెప్పింది.