రాగి ఊళ్లో సముద్రం

పెళ్లయిన కొత్తలో సముద్రం చూపిస్తానని ఒమిర్జాక్ తన భార్య బల్జాన్‌ను అరాల్స్క్ రేవుకు రైలెక్కించాడు. తీరా దిగితే సముద్రం లేదు, ఎండిపోయి ఎక్కడికో వెనక్కి పోయింది. ఇసుకలో పడవలున్నాయి, వాటి నీడలో ఒంటెలున్నాయి. అప్పటినుంచి నలభై ఏళ్లుగా ఆ ఇసుక మాటెత్తి బల్జాన్ వదిన తన మొగుణ్ణి దెప్పని పండగ లేదు.

మా ఊరు జెజ్‌కజ్గాన్. మా భాషలో ఆ పేరులోనే రాగి ఉంది. రాగి తవ్వుకుని, కరిగించుకుని బతికినవాళ్లం. కర్మాగారంలో నాది కరెంటు పని, ఒమిర్జాక్‌ది గొట్టాల పని. ఇద్దరం ఒకే ఏడాది పుట్టాం. మావాళ్లలో ఒకే ఈడువాళ్లు ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం తెచ్చుకుంటేనే తప్పు. ఆ హక్కును నేను ఒక్క రోజు కూడా వృథా చేయలేదు.

వదినకు మోకాళ్లు పోయాయి. నాలుగంతస్తులు దిగలేని మనిషికి సముద్రం ఎలా చూపిస్తావురా అని నేనంటే, సముద్రాన్నే పైకెక్కిస్తానన్నాడు. గోడ పొడవునా గాజు తొట్టి పెట్టించాడు. ఉప్పు బస్తా తెచ్చాడు. ప్రాణమున్న పగడాల కోసం కరగండ నగరంలోని చేపల తొట్ల దుకాణానికి ఫోన్ చేశాడు. నలభై ఏళ్లుగా దాచుకున్న ఇత్తడి వాల్వులూ రాగి గొట్టాలూ పెట్టెలోంచి తీసి, తళతళలాడేలా తోమి బిగించాడు.

దుకాణం కుర్రాడు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "తాతా, గొట్టాల్లో ఎక్కడా రాగి గానీ ఇత్తడి గానీ లేదు కదా?"

"నాయనా, మా ఊరి పేరే అది."

"అయితే ఊరిని తొట్టి బయటే ఉంచండి. నీళ్లలో రవ్వంత రాగి కలిసినా పగడాలు బతకవు."

రెండు రోజులు ఒమిర్జాక్ బిగించినవన్నీ విప్పి మళ్లీ పెట్టెలో సర్దాడు. ప్లాస్టిక్ గొట్టాలను జీవితమంతా పాల పీకలని వెక్కిరించినవాడు. మూడో రోజు వాటినే పాత పేపర్లలో చుట్టుకుని వస్తూ మెట్ల మీద నాకు దొరికిపోయాడు.

"ఏరా, పాల పీకలు కొన్నావా?"

"మనవడికిలే, పక్కకి తప్పుకో."

"నాలుగు మీటర్ల పీకా? గట్టివాడే నీ మనవడు."

నీళ్లు దిగే గొట్టం మొదట సన్నది వేశాడు. అది హుక్కాలా గుడగుడలాడింది. పీకి లావుపాటిది వేశాక ఇల్లు నిమ్మళించింది. ఇక దీపం నా వంతు. మా వర్క్‌షాపులోని పెద్ద పసుప్పచ్చ దీపం మోసుకెళ్లాను.

"దీని కింద ఇంజనీర్లే బతికారు, పగడాలు బతకవా?"

"ఇంజనీర్లు చెమట తుడుచుకుంటార్రా. వీటికి చేతుల్లేవు."

పగడాలకు కావాల్సింది నీలం వెలుగట. పొద్దున మెల్లగా పెరిగి, సాయంత్రం మెల్లగా తగ్గే నీలం దీపాలు తెప్పించి, నాచేతే పైకప్పుకు వేలాడదీయించాడు. వదిన పళ్లెంలోని కుర్త్ అనే ఎండు పెరుగు ఉండలు కూడా నీలంగా మారిపోయాయి.

"మరిదీ, ఇది ఇల్లా, పోలీసు బండా?" అంది వదిన. ఒమిర్జాక్ వైపు తిరిగి, "ఎన్ని హంగులు పెట్టినా ఇది తొట్టే. సముద్రం కాదు" అని తేల్చేసింది. ఆ మాటకు వాడి మొహం మాడిపోయింది.

పగడాలొచ్చాయి. నెల రోజులు గోధుమరంగు ముడుల్లా ముడుచుకునే ఉన్నాయి. ఒక ఉదయం నేను దీపం ఎత్తు సరిచేస్తుంటే ఒక ముడి విచ్చుకుంది. లేత వేళ్లలాంటివి నీళ్లలో ఊగసాగాయి. ముందుగా చూసింది వదినే.

శుభం జరిగితే ఏదో ఒకటి చల్లందే మా ఆడవాళ్ల చేతులు ఆగవు. మనవరాలి పెళ్లిలో చల్లడానికి సిద్ధం చేసుకున్న సంచి అందుకుని, రెండు గుప్పిళ్ల నిండా మిఠాయిలూ నాణేలూ తీసి తొట్టి మీద చల్లేసింది. పసుప్పచ్చటి ఇత్తడి పూత నాణేలు మెరుస్తూ అడుగుకు దిగాయి.

"రాగి" అంటూ ఒమిర్జాక్ కోటుతో సహా చేతులు ముంచేశాడు. నేను కరెంటు ప్లగ్గు పీకి చేతులు భుజాల దాకా దింపాను.

"శుభమని చల్లాను. చంపడానికి చల్లానా?" అంది వదిన. చేతికర్ర పక్కన పడేసి తనూ చేతులు ముంచింది. పగడం పక్క సందులో ఇరుక్కున్న ఆఖరి నాణెం మా మొద్దు వేళ్లకు అందలేదు. ఆమె సన్నటి వేళ్లకు అందింది.

చేయి బయటికి తీసి, మణికట్టు మీద కారుతున్న నీటిని నాలుకతో తాకింది.

"ఉప్పగా ఉంది."

"ఉంటుంది మరి" అన్నాడు ఒమిర్జాక్ బిక్కుబిక్కుమంటూ.

ఆమె పగడం వైపు చూసింది. "అయితే సముద్రమే. చూశాను. ఇక ఆ ఇసుక మాట ఎత్తన్లే."

వాడు తడి కోటుతోనే సోఫాలో కూలబడి ఏడ్చాడు. పాల పీకలు కొన్నవాడు ఏడవక ఏం చేస్తాడనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క రోజుకీ మింగేశాను.