అంగిట్లో ఇరుక్కున్న ఎముక

నా చిన్నప్పుడు మేము సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో ఉండేవాళ్లం. మా నాన్న వెల్డింగ్ పని చేసేవారు. మా భవనం మేడ మీద, నీళ్ల ట్యాంకు పక్కన, ఒక బూడిద రంగు పిల్లి మూడు పిల్లల్ని పెట్టింది. బడి నుంచి రాగానే దానికి పాలన్నం పెట్టడం నా పని.

ఉన్నట్టుండి అది అన్నం ముట్టడం మానేసింది. నోటి నుంచి చొంగ కారేది. తల విదిలించుకుంటూ ముందుకాలితో మూతి గీరుకునేది. పిల్లలు పాలకు వస్తే బుస్సుమని తరిమేసేది. నాన్న చూసి నన్ను వెనక్కి లాగారు.

"దానికి పిచ్చి లేసింది బిడ్డా. దాని దిక్కు పోకు."

భవనం యజమానికీ చెప్పారు. మర్నాడు మనుషుల్ని పిలిపించి దాన్ని చంపించేస్తానన్నాడాయన. నేను ఏడుస్తూ పక్కింటి అక్క దగ్గరికి పరుగెత్తాను. ఆమెది కడప. ఆసుపత్రిలో నర్సుగా చేసేది.

"పిచ్చో కాదో చూడకుండా ఎట్ల చెప్పేది పాపా?" అంటూ నాతో మేడెక్కింది.

చాలాసేపు దూరం నుంచే గమనించింది. పిల్లి నీళ్ల గిన్నె దగ్గరికి రావడం, మూతి పెట్టి తాగలేక వెనక్కి పోవడం చూసింది. "నోట్లో ఏందో ఇరుక్కున్నట్టుండాది," అంది. అప్పుడు ఆమె, నాన్న వెల్డింగ్‌కి వాడే తోలు గ్లౌజులు తొడుక్కుని, మందపాటి దుప్పటిలో దాన్ని చుట్టి ఒడిసిపట్టింది. మా వెనకే పైకి వచ్చిన నాన్న గొణుగుతూనే టార్చి పట్టారు.

ఆమె దాని నోరు తెరిచింది. నాలుగు పొడవాటి కోరలు. ముందు కోరల మధ్య నూకల్లాంటి చిన్న చిన్న పళ్లు. వెనక పళ్లు మనవాటిలా బల్లపరుపుగా లేవు, కత్తెర అంచుల్లా ఉన్నాయి. గరుకు నాలుక మీద సన్నని ముళ్లన్నీ గొంతు వైపు వంగి ఉన్నాయి.

"ఇది మన మాదిరి నమల్లేదు పాపా. కత్తిరించి మింగేస్తాది. ఇదిగో, ఇక్కడ చూడు."

అంగిట్లో, రెండు వైపులా ఉన్న దవడ పళ్ల మధ్య అడ్డంగా కోడి ఎముక ముక్క బిగుసుకుని ఉంది. చుట్టూ పుండు పడింది. సన్నటి పట్టకారుతో ఆమె దాన్ని మెల్లగా లాగేసింది.

వదలగానే పిల్లి గిన్నెడు నీళ్లు తాగి పిల్లల దగ్గరికి పోయింది. ఒక్కటే కదిలింది. పాలు లేక మిగతా రెండూ అప్పటికే చచ్చిపోయాయి. నాన్న వాటిని గుడ్డలో చుట్టి కొండ వైపు తీసుకెళ్లి పూడ్చి వచ్చారు.

"నిన్ననే చూస్తే బతుకుతుండె బిడ్డా," అన్నారు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరైనా కంచం తోసేసి మొండికేస్తే ఇంట్లో అందరికీ కోపం వస్తుంది, నాకూ వస్తుంది. అయినా ముందు వాళ్లను దగ్గర కూర్చోబెట్టుకుని ఎక్కడ నొప్పి అని అడుగుతాను. చెప్పకపోతే, వెలుతురు వైపు తిప్పి నోరు తెరవమంటాను.