మా ఇంటి అవార్డుల వేలంపాట

నిన్న సాయంత్రం కూరగాయల సంచితో మా అపార్ట్‌మెంట్ లిఫ్టు ఎక్కితే, పై అంతస్తు కాలేజీ పిల్లలిద్దరు ఫోను మీదకి వంగి తెగ వాదించుకుంటున్నారు. ఏదో టీవీ చానెల్ వాళ్ల సినిమా అవార్డులట, ఉత్తమ నటి ఎవరో ముందే ఊహించి ఓటు వేయాలట. "మీరూ ఒక ఓటు వేయండాంటీ" అంటూ ఫోను నా ముఖం ముందు పెట్టారు. నేను కళ్లజోడు సర్దుకుని, పేర్లన్నీ చదివి, కాస్త ఆలోచించుకోనివ్వండమ్మా అన్నాను. "ఇందులో ఆలోచించేదేముందాంటీ, నొక్కెయ్యడమే కదా!" అని వాళ్లే నా తరఫున నొక్కేశారు. మా అంతస్తు వచ్చింది, దిగిపోయాను. వంటింట్లో బెండకాయలు తుడుస్తున్నా నా మనసు ఊరుకోలేదు. ఊహ తప్పితే పోయేదేమీ లేనప్పుడు అదేం ఊహ? మా పిన్ని ఇంట్లో అవార్డు ఎవరికొస్తుందో తప్పు చెప్పినవాళ్లు కూర్చుని రొయ్యలు వలవాల్సి వచ్చేది. సబ్బు పెట్టి ఎంత తోమినా ఆ నీచు వాసన వేళ్లను ఒక పట్టాన వదిలేది కాదు. అందుకే మేం సినిమాలు ఒళ్లు దగ్గర పెట్టుకుని చూసేవాళ్లం.

పిన్ని వాళ్లది యానాం దగ్గర, గోదావరి ఒడ్డునున్న ఊరు. మా అమ్మ వైపు వాళ్లంతా వల మీదా పడవ మీదా బతికినవాళ్లే. చదువుకుని, బ్యాంకులో చేరి, రాజమండ్రిలో స్థిరపడినదాన్ని నేనొక్కదాన్నే. పెళ్లైన కొత్తలో మా ఆయనకి నా తరఫు బంధువులంటే పెద్ద ఆసక్తి ఉండేది కాదు. ఆ ఊరి నుంచి యానాం ఎంత దగ్గరో తెలిశాక మాత్రం పిన్ని ఆరోగ్యం గురించి నాకంటే ముందు ఆయనే ఆరా తీసేవారు. "మీ పిన్నిగారిని చూసి చాలా రోజులైంది కదా, పాపం" అనేవారు శనివారం రాగానే. యానాంలో మందు చవక అన్న సంగతి నాకు తెలియనట్టు నేనూ, నాకు తెలుసన్న సంగతి తనకి తెలియనట్టు ఆయనా కారెక్కేవాళ్లం. నేను ఆ ఊరు వెళ్లేది ముఖ్యంగా మా బాబాయి మాట వినడానికి.

బాబాయి, అంటే పిన్ని భర్త, రేవులో చేపల వేలం వేసేవారు. తెల్లవారుతూనే పడవలు ఒడ్డుకొస్తాయి, తట్టలు దిగుతాయి, వ్యాపారులు చుట్టూ మూగుతారు. ఆ గోల మధ్య భుజాన తువ్వాలుతో నిలబడి ఆయన నోరు విప్పితే చివర నిలబడ్డవాడికి కూడా తనతోనే మాట్లాడుతున్నట్టు ఉండేది. ఎవరినీ తూలనాడేవారు కాదు, ఎవరినీ తొందరపెట్టేవారు కాదు. ఎంత చిన్న వ్యాపారినైనా "మీరు పాడండి బాబూ, మీకేం తక్కువండి?" అని ముందుకు లాగేవారు. చిన్న పడవవాడి సరుక్కీ పెద్ద బోటువాడి సరుక్కీ ఒకే గొంతు, ఒకే మర్యాద. నేను బ్యాంకులో చాలామంది పెద్ద అధికారుల దగ్గర పనిచేశాను. అంత న్యాయంగా మాట్లాడే మనిషిని మాత్రం రేవులోనే చూశాను.

ఆ ఇంట్లో అందరికీ సినిమా పిచ్చి. ఏటా ఆ టీవీ చానెల్ అవార్డుల పోటీలో ఎవరెవరున్నారో ప్రకటించగానే ఇల్లు రెండు మూడు ముక్కలయ్యేది. మొదట్లో అందరూ అరుచుకునేవాళ్లట. ఆ అరుపులు భరించలేక బాబాయి దాన్ని వేలంలో పెట్టారు. ఒక్కో నటుడి పేరూ ఒక్కో తట్ట. డబ్బు మాట ఎత్తకూడదని పిన్ని ఒట్టు వేయించుకుంది కాబట్టి పాట పాడడం పనితోనే. "నేను ఒక పూట రొయ్యలు వలుస్తాను" అని ఒకరంటే "నేను రెండు పూటలు" అని ఇంకొకరు. ఎక్కువ పాడినవారిది ఆ నటుడు. అతనికి అవార్డు రాకపోతే పాడినంత పనీ చేయాలి. వస్తే మాత్రం ఆ పూటకి వాళ్లే రాజు, ఒక కోరిక కోరుకోవచ్చు, ఇంట్లో ఎవరూ కాదనకూడదు. ఆ కార్యక్రమం ముందెప్పుడో జరిగిపోయి తరవాత టీవీలో వచ్చేది. ఫలితాలు ఫోన్లలో ముందే బయటపడతాయి. అందుకని ఆ రోజు అందరి ఫోన్లూ కడిగి ఆరబెట్టిన చేపల ఐస్ పెట్టెలోకి వెళ్లేవి. ఎంత కడిగినా ఐస్ పెట్టె ఐస్ పెట్టే కదా, రెండు రోజులపాటు మా ఆయన బాస్‌తో మాట్లాడేటప్పుడు ఫోను చెవికి కాస్త ఎడంగా పట్టుకునేవారు.

బాబాయి వేలం వేస్తుంటే అసలు అవార్డుల కార్యక్రమం చప్పగా ఉండేది. "ఇది గోదారి పండుగొప్పండీ, చెరువు సరుకు కాదు. ఇరవయ్యేళ్లుగా ఎదురీదుతోంది, చూసి పాడండి" అనేవారు ఒక సీనియర్ నటుడి పేరెత్తి. ఓ కుర్ర హీరో వంతు వస్తే "పైకి తళతళలాడుతోందండీ, నేను కాదన్ను. ఓసారి చెప్ప ఎత్తి చూసుకుని మరీ పాడండి" అనేవారు. చేప తాజాదో కాదో తెలిసేది మొప్పల మీద మూతలా ఉండే ఆ చెప్ప కిందే. పిన్ని తన అభిమాన హీరో పేరు రాగానే ముందూ వెనకా చూడకుండా వారం రోజుల పని పాడేసేది. అతనికి రాదు. ఆవిడ ముంగిట్లో పీట వేసుకుని రొయ్యలు వలుస్తూ "వాళ్లకి కళ్లు లేవే అమ్మాయ్, వాళ్లేం చేస్తారు" అని అవార్డులిచ్చినవాళ్ల మీద జాలిపడేది. మా తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, పత్రికలన్నీ చదివి లెక్కలు కట్టి పాడేవాడు. వాడి భార్య, మా మరదలు, తన మనసుకి ఎవరికి రావాలనిపిస్తే వాళ్లకే పాడేది. ఎక్కువసార్లు మరదలే గెలిచేది. ఇంతమందిలో బాబాయి మనసులో ఎవరున్నారో మాత్రం మాకెవరికీ తెలియదు. వేలం వేసేవాడు పాడకూడదు, అది రేవు పద్ధతి. సరుకు మీద తనకే ఆశ ఉందని తెలిస్తే ఆ గొంతును ఇంకెవరు నమ్ముతారు? ఇంట్లో ఆటకైనా ఆయన ఆ పద్ధతి తప్పలేదు.

అలాంటి మనిషికి గొంతులో గడ్డ వచ్చింది. కాకినాడలో ఆపరేషన్ అయింది, ప్రాణానికి భయం లేదన్నారు, మేమంతా దణ్ణాలు పెట్టుకున్నాం. కానీ గట్టిగా మాట్లాడే గొంతు ఇక రాదని, గుసగుస దాకా వస్తే అదే ఎక్కువని డాక్టరు చెప్పారు. ఇంటికొచ్చాక బాబాయి ఆ గుసగుస కూడా మానేశారు. రేవుకి వెళ్లలేదు. పడవల వాళ్లు గుమ్మంలోకి వచ్చి పలకరిస్తే తల ఊపి లోపలికి వెళ్లిపోయేవారు. టీవీ పెడితే లేచిపోయేవారు. నేను చూడ్డానికి వెళ్లినప్పుడు పిన్ని నన్ను పెరట్లోకి తీసుకెళ్లింది. "ఆయన పొద్దున్నే లేచి కూర్చుంటున్నారే. రేవులోంచి కేకలు వినపడినంతసేపూ అలాగే కూర్చుని, అవి ఆగాక పడుకుంటున్నారు. అన్నం సగం వదిలేస్తున్నారు. ఒక్కసారి రేవుకి వెళ్తే చాలే అమ్మాయ్, వెళ్లి నలుగురి మధ్య నిలబడితే చాలు" అంది. 

ఆ ఏడు అవార్డుల ఊసు ఎత్తకూడదనే అనుకున్నాం. ఎత్తింది పిన్నే. కార్యక్రమం టీవీలో వచ్చే ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, బాబాయి కూర్చునే ముక్కాలి పీట హాల్లో వేసుకుని, ఆయన తువ్వాలు భుజాన వేసుకుని కూర్చుంది. "ఫోన్లు పెట్టెలో పడెయ్యండి. ఈయేడు వేలం నేనేస్తాను" అంది. బాబాయి లేచి లోపలికి వెళ్లబోయి, ఎందుకో గుమ్మం దగ్గర ఆగారు. పిన్ని వేలం వేస్తుంటే నవ్వాగలేదు మాకు. గొంతు వణుకుతోంది, ఒకటోసారి రెండోసారి మూడోసారి అని గబగబా ఒక్క ఊపిరిలో అనేస్తోంది, మా తమ్ముడు నోరు తెరిచేలోగా తట్ట వెళ్లిపోతోంది. కాసేపటికి గుమ్మం దగ్గర నుంచి బాబాయి చెయ్యి లేచింది. అరచెయ్యి చూపించి, ఆగు అన్నట్టు నెమ్మదిగా కిందికి దించారు. తన పనిని ఎవరైనా పాడుచేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయారు, అంతే. ఆయన వచ్చి మా పక్కన కూర్చున్నారు.

ఉత్తమ సహాయ నటుడి వంతు వచ్చింది. అందరూ ఒక కుర్ర విలన్‌కి ఖాయమంటున్నారు, అతన్ని మా తమ్ముడు పాడుకున్నాడు. చివరగా నాటకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన పేరు మిగిలింది. ఎన్నేళ్లుగానో తాతగానో పూజారిగానో కనబడి వెళ్లిపోయే నటుడు. ఎవరూ పాడలేదు. పిన్ని రెండోసారి అంది. అప్పుడు బాబాయి వేలు లేచింది. ఇన్నేళ్లలో ఆయన పాడడం అదే మొదలు. నాకప్పుడు గుర్తొచ్చింది, ఆ నటుడు పోటీలో ఉన్న సినిమా మేమంతా ఆపరేషన్‌కి ముందు కాకినాడలో కలిసి చూశాం. అందులో ఆ పెద్దాయన ఒకే ఒక్కసారి వల విసురుతాడు. వల గాలిలో గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడినప్పుడు, బాబాయి అప్పటికే బొంగురుపోయిన గొంతుతో "నేర్చుకున్నాడమ్మా. ఆ కాసేపటికోసం ఈ వయసులో నేర్చుకున్నాడు" అన్నారు. నేను పాప్‌కార్న్ గొడవలో ఉండి ఊ కొట్టి ఊరుకున్నాను.

"ఓడిపోతే ఏం చేస్తారండి? రొయ్యలా?" అని పిన్ని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపారు. మా అందరి ముఖాలూ ఒకసారి చూసి, వేలు కిటికీ వైపు, రేవు వైపు చూపించారు. "రేవుకెళ్తారా?" అంది పిన్ని, అవునన్నట్టు తల ఊపారు. అంతే, మా పిన్ని మళ్లీ ఒక్క ఊపిరిలో మూడోసారి అనేసి తువ్వాలుతో పీట మీద కొట్టేసింది. ఈసారి మేమెవరం నవ్వలేదు. ఆయన ఓడిపోవాలి, ఓడిపోతే రేపు రేవుకెళ్తారు. ఆ సినిమా చూసి వెక్కి వెక్కి ఏడ్చిన పిన్ని, దేవుడి గదిలోకి వెళ్లి "ఆ పెద్దాయనకి వచ్చే ఏడు ఇవ్వు స్వామీ, ఈ ఒక్కసారికీ వద్దు" అని దణ్ణం పెట్టుకుంది. అప్పటికే అయిపోయి రికార్డయిన కార్యక్రమానికి మొక్కు ఏంటి పిన్నీ అని ఎవరం అడగలేదు. మేమూ మనసులో అదే మొక్కుతున్నాం. అభిమానించిన నటుడు ఓడిపోవాలని కోరుకోవడం ఎంత కష్టమో ఆ సాయంత్రం నాకు తెలిసింది.

కవరు తెరిచారు. పెద్దాయన పేరే చదివారు. టీవీలో హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే, ఆయన వేదిక మెట్లు ఒకరి చెయ్యి పట్టుకుని ఎక్కాడు.  మా ఇంట్లో మరదలు కళ్లు తుడుచుకుంది. పిన్ని టీవీ వైపు కాక నేల వైపు చూస్తోంది. బాబాయి మాత్రం లేచి నిలబడ్డారు. చేతులు పైకెత్తి, టీవీలో ఆ మనిషికి వినబడుతుందేమో అన్నట్టు, ఆగకుండా చప్పట్లు కొట్టారు. ఆయన ముఖంలో అంత వెలుగు చూసి ఎన్ని నెలలైందో! నాకు దుఃఖమూ సంతోషమూ ఒక్కసారే వచ్చాయి, ఏది దేనికో తెలియలేదు. కార్యక్రమం పాటల్లోకి వెళ్లాక మా తమ్ముడు నెమ్మదిగా "గెలిచారు కదా నాన్నా, కోరిక చెప్పండి. ఏం వండించమంటారు?" అన్నాడు.

బాబాయి పిన్ని దగ్గరికి వెళ్లి కూర్చున్నారు. గొంతు సవరించుకున్నారు. ఆపరేషన్ తరవాత ఆయన మాట నేను వినడం అదే మొదటిసారి. "రేపు రేవులో వేలం నువ్వెయ్యి" అన్నారు గుసగుసగా. "నేనా? అంతమంది మగాళ్ల మధ్యనా? నవ్వుతారండి బాబూ, నాకు రాదు" అని పిన్ని కంగారుపడింది. "గొంతు నీకుంది. ఎక్కడ ఆగాలో నీకు తెలీదు. పక్కన నిలబడి అది నేను చెప్తాను" అన్నారు ఆయన. కోరిక కాదనకూడదు, అది ఇంటి నియమం. 

మర్నాడు మేమూ వెళ్లాం. రేవులో కొందరు నవ్వారు, నిజమే. పిన్ని గొంతు మొదటి తట్టకి వణికింది, రెండో తట్టకి కూడా వణికింది. పక్కన బాబాయి చెయ్యి లేస్తే ఆగింది, దిగితే కదిలింది. ఆయన వెతికి చూపించిన చిన్న వ్యాపారులను "మీరు పాడండి బాబూ" అని పిలిచింది. చివరి తట్ట వచ్చేసరికి ఎవరూ నవ్వడం లేదు, అందరూ పాడుతున్నారు. ఇప్పుడు ఆ రేవులో వేలం పిన్నిదే, పక్కన ఆయన నిలబడతారు. ఎవరికి అవార్డు వస్తుందో ఊహించడం మాకు బాగానే వచ్చుగానీ, గెలిచినవాడు ఏం కోరుకుంటాడో ఆ రోజు ఒక్కరమూ ఊహించలేకపోయాం. కాలం మనిషి దగ్గర్నుంచి ఏదైనా తీసుకుపోయేటప్పుడు ఎవరినీ అడగదు. మిగిలినదాన్ని ఎవరి చేతిలో పెట్టాలో తేల్చుకోవడానికి మాత్రం కాస్త వ్యవధి ఇస్తుంది, మా బాబాయి దాన్ని వృథా చేయలేదు.