పైవరుస చూస్తే చాలు

నరసరావుపేటలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నేను ప్రోగ్రామింగ్ చెప్పేవాడిని. ల్యాబ్‌లో పిల్లలు కోడ్ రాసుకునే ఎడిటర్‌కు నేనే ఒక చిన్న ప్రోగ్రాం జోడించాను. ఎంటర్ నొక్కగానే కొత్త వరుస ఎడమ అంచు నుంచి ఎంత లోపలికి జరగాలో అదే చూసుకునేది. అందరూ మెచ్చుకున్నారు. అయితే ఫైలు పెద్దదైతే నొక్కిన ప్రతిసారీ తెర కాసేపు బిగుసుకుపోయేది. ఆ తప్పును రెండేళ్లపాటు పాత కంప్యూటర్ల మీదకు నెట్టాను.

ఆ ఏడాది ల్యాబ్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయి మాచర్లలో ఒక లారీ మెకానిక్ కూతురు. ఒక మధ్యాహ్నం నా కోడ్ చదివి, "ఇదేంది సార్, ప్రతిసారీ ఫైలు మొదట్నించీ చదువుతా ఉంది? పైవరుస ఎంత లోపలికుందో చూస్తే సరిపోద్ది గదా," అంది. సాయంత్రానికి మార్చేసింది. తెర బిగుసుకోవడం ఆగిపోయింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను గానీ కడుపు మండిపోయింది. వారం రోజులు ఆమె కోడ్‌లో తప్పు కోసం వెతికాను. దొరికింది. పైన ఖాళీ వరుస ఉంటే కొత్త వరుస ఎడమ అంచుకు పోతోంది. క్లాసు నిండా పిల్లలుండగా దాన్ని పెద్ద తెర మీద చూపించాను. ఆమె ముఖం చిన్నబోతుందని ఎదురుచూశాను.

"అవును సార్, ఖాళీ వరుసలు దాటి పైకి పోయి చూడాల. చానా మేలు చేశారు," అంటూ అక్కడే నిలబడి సరిచేసింది.

ఆ ప్రోగ్రాం ఫైలు మొదట్లో రాసినవారి పేరుగా నాదొక్కటే ఉంది. ఆమె దాన్ని తీయలేదు, తనది చేర్చుకోలేదు. ఆమె పేరు చేర్చడానికి నాకు ఇంకో నెల పట్టింది.