బావిగట్టు మీద జాజు ముంత

నా ఇంటి బావి చేంతాడు నేను కోపంతో తీసేశానని, కూలీల వాడవాళ్లు ఇక అక్కడ నీళ్లు ముట్టరాదన్నానని సూర్యాపేటలో చెప్పుకుంటున్నారు. కోపంతో తీయలేదు. ఎందుకు తీశానో చెప్పాలంటే, పోయిన గురువారం కోదాడలో కూతురి ఇంట కన్నుమూసిన మా హెడ్మాస్టరుగారి గురించి చెప్పాలి.

ఆయన బాలుర బడిలో, నేను బాలికల బడిలో పనిచేశాం. నన్ను అక్కా అనేవారు. సాయంత్రం మా బావినీళ్లు చెంబెడు తాగందే ఇంటికి వెళ్లేవారు కారు. ఆయన దగ్గర చదువుకున్న మిర్యాలగూడ కుర్రవాడు హైదరాబాదులో ఎమ్మెస్సీ చేస్తూ, మన వైపు బావుల నీళ్లు పరీక్షించాడు. కొన్నింటిలోని ఖనిజం పళ్లను పాడుచేస్తున్నదని, ఎముకలు బిగుసుకుపోయేలా చేస్తున్నదని తేల్చాడు. పరీక్షకులు ఎంతో మెచ్చుకున్నారు. టైపు చేసిన ఆ పరిశోధనను హెడ్మాస్టరుగారు కండువాలో చుట్టి నా దగ్గరికి తెచ్చారు.

“మెచ్చుకున్నోళ్లు ఈ నీళ్లు తాగరక్కా. తాగెటోళ్లకు ఎవరు చెప్పాలె?”

ఇంగ్లీషు నుంచి తెలుగు చేసింది నేను. ఆ ప్రతి పట్టుకొని ఊరూరా నడిచింది ఆయన. ప్రతిచోటా ముందుగా, “ఇది నా శిష్యుడు కనిపెట్టిండు, నేను ఉత్తగ సదివెటోణ్ని” అనేవారు. తర్వాత మంచి బావి గట్టుకు సున్నం, తాగకూడని బావికి ఎర్రటి జాజు పూసేవారు. ఎరుపు ఏ పార్టీ గుర్తని, కమ్యూనిస్టుల కోసం ఊళ్లలో మకాం వేసిన క్యాంపు పోలీసులు రెండుసార్లు ఆపి అడిగారు.

నేను వెంట వెళ్లిన రోజున ఒక రైతు, “ఏం సారూ, బాయికి బొట్టు పెడుతున్నవ్, పెండ్లి గిట్ల చేస్తవా?” అని నవ్వాడు.

“ముందుగాల నీ బిడ్డ పండ్లు సూడు.”

నవ్వుతూనే పిల్ల నోరు తెరిపించాడు. పళ్ల నిండా గోధుమరంగు చారలు. చుట్టూ ఉన్నవాళ్లు తమ పిల్లలను దగ్గరికి లాక్కొని నోళ్లు తెరిపించసాగారు.

చివరికి జాజు ముంతతో నా వాకిట్లోకే వచ్చారు. ఆ పరిశోధనలోని తాగకూడని బావుల పట్టికలో నా బావి కూడా ఉంది. తెలుగు చేసేటప్పుడు ఆ ఒక్క పంక్తి నేను వదిలేశాను. శిష్యుడి వల్ల ఆయనకది తెలుసు. నన్ను నిలదీయలేదు.

“మా నాన్న తవ్వించిన బావి. ఇంత తియ్యటి నీళ్లు ఊళ్లో ఎక్కడున్నాయి? మీవాడి పరీక్ష తప్పయి ఉంటుంది,” అన్నాను.

“తప్పయితే మంచిగుండు అక్కా,” అని, ఎప్పటిలాగే చెంబెడు నీళ్లు అడిగి తాగారు. “ముంత గీడనే ఉంటది,” అని గట్టు మీద పెట్టి బయలుదేరారు. వాకిలి దగ్గర వెనక్కి చూడబోతే మెడ తిరగలేదు. మనిషంతా ఇటు తిరిగి దండం పెట్టారు. మర్యాద కొద్దీ అనుకున్నాను.

ఆయన పోయిన కబురు అందిన పొద్దున, ఎండి అట్టకట్టిన ఆ జాజును నీళ్లతో కలిపి నా బావికి నేనే పూసి, చేంతాడు తీసేశాను. సున్నపు గుర్తున్న నా పొలం బావి దాకా, పొలం గట్టు తెంపించి కూలీల వాడ నుంచి బాట వేయించాను. ఆ నీళ్లు తాగడానికే మిగలాలని ఈ యేడు ఆ పొలంలో నారు పోయను. ఎవరి అనుమతీ అడగలేదు. తెలుగు ప్రతిలో వదిలేసిన పంక్తిని నా చేత్తోనే నింపాను. రేపు కూలీల వాడలో ఆ ప్రతి నేను చదువుతాను. మొదట ఆ పంక్తే.