పొయ్యి కాడ ఏడ్వద్దన్న అత్తమ్మ

అత్తమ్మ పోయిందన్న కబురు నాకు నిజామాబాద్‌లో, కేకు సామాన్లు అమ్మే దుకాణంలో తెలిసింది. క్రీము డబ్బాలను ఒక పెట్టెలో మంచుముక్కల మధ్య సర్దించుకుంటున్నాను. బోధన్ నుంచి పక్కింటి అక్క ఫోన్ చేసి, "చెల్లె, నువ్వు జల్ది రా" అని మాత్రం అన్నది. ఆ గొంతు విన్నాక నేనింకేమీ అడగలేదు. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను. ఎడపల్లి దాటుతుంటే కోతలైన వరిమళ్ళు, మధ్య మధ్య చెరుకు తోటలు. ఒకప్పుడు అత్తమ్మ కూలికి నడిచిన దారులవి. ఇంటికి చేరేసరికి మంచు కరిగి నా చీర తడిసిపోయింది.

మా కేకులు మీలో కొందరు తినే ఉంటారు. వాటి వెనక ఉన్న మనిషిని మీరు చూసి ఉండరు.

మా ఆయన గుండెపోటుతో పోయినప్పుడు మా పాపకు ఇంకా మాటలు సరిగా రాలేదు. పెద్దకర్మ అయిన సాయంత్రం చుట్టాలంతా కూర్చుని నన్ను పుట్టింటికి పంపడమే మంచిదని తేల్చారు. గోడకు ఆనుకుని కూర్చున్న అత్తమ్మ చాలాసేపు విన్నది.

"కొడుకు పోయిండు. కోడల్ని గూడ తోలిస్తే నేను ఎవల మొకం సూడాలె?" అన్నది.

ఆ మాట తర్వాత ఎవరూ ఆ సంగతి ఎత్తలేదు. ఆమె కూడా చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. చెరుకు కొట్టి కొడుకును పెంచింది. చెరుకాకు కోసిన గీతలు ముంజేతుల మీద చివరిదాకా అట్లాగే ఉండేవి. మా గల్లీలో ఏ ఇంట్లో కాన్పయినా పసిబిడ్డకు నీళ్ళు పోయడానికి ఆమెనే పిలిచేవారు. అరిచేతిలో నూనె వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుంటే ఎంత ఏడ్చే బిడ్డ అయినా ఊరుకునేది.

కొన్నాళ్ళకు నన్ను అడిగింది, నీకేం పనొస్తదని. పెళ్ళికి ముందు నిజామాబాద్‌లో ఒక బేకరీలో పనిచేశానని, క్రీముతో పూలు వేయడం వచ్చని చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది. పూలు తింటారా అన్నది. మర్నాడు పొద్దున చూస్తే తన మంచం ముందటి అర్రలో లేదు. వెనక రేకుల సాయబానులో వేసుకుంది. ఎండాకాలం ఆ రేకుల కింద ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఖాళీ అయిన అర్రను నీళ్ళతో కడిగి, "నీ పొయ్యి ఈడ పెట్టుకో" అన్నది. ఓవెన్‌ను ఆమె ఎప్పుడూ పొయ్యి అనే అన్నది.

మొదట్లో చేసినవి చాలావరకు పాడయ్యేవి. కరెంటు పోతే కేకు నడుమ గుంత పడేది. నేను పారేయబోతే ఆమె చాయ్‌లో ముంచుకుని తినేది. కడుపులకు పోయినంక గుంత ఎవలకు కనవడ్తది అనేది. ఒకసారి వరసగా చెడిపోతుంటే ఓవెన్ ముందే కూర్చుని ఏడ్చాను. భుజం పట్టి లేపింది.

"పొయ్యి కాడ ఏడ్వద్దు బిడ్డ. ఏడ్సుడుంటే ఎన్కకు పోయి మంచిగ ఏడ్చి రా. నేను సూస్త దీన్ని."

నేను తిరిగొచ్చేదాకా, ఏమీ తెలియకపోయినా, ఓవెన్ అద్దంలోకి చూస్తూ కూర్చుంది.

మెల్లగా పుట్టినరోజు కేకులు అడిగేవాళ్ళు వచ్చారు. తర్వాత చందూర్ నుంచి ఒక కుటుంబం నిశ్చితార్థానికి కేకు చెప్పింది. అంత పెద్దది నేనెప్పుడూ చేయలేదు. గులాబీలన్నీ చేత్తో వేశాను, నడుమ పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు పేర్లు రాశాను. తీసుకుపోవడానికి వచ్చిన పెద్దావిడ నా ఉత్త నొసలు చూసి, మీ ఆయన ఏం చేస్తాడని అడిగింది. చెప్పాను. ఆమె మర్యాదగానే మాట్లాడింది. శుభకార్యమని, ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరని, ఏమీ అనుకోవద్దని చెప్పి, కేకు వదిలేసి వెళ్ళిపోయింది.

అత్తమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. నేను ఏడవడానికి వెనక్కి పోబోతుంటే ఆపింది.

"ఆ పేర్లు గీకెయ్యి. నా పేరు రాయి. ఇయ్యాల నేను పుట్టిన దినం."

ఆమె ఎప్పుడు పుట్టిందో ఆమెకే తెలియదు. అయినా రాశాను. తలకు కొంగు సవరించుకుని ఇంటింటికీ పోయి గల్లీలో ఆడవాళ్ళందరినీ పిలుచుకొచ్చింది. వచ్చినవాళ్ళకు అప్పటికే సంగతి తెలిసిపోయింది. కొందరు వాకిట్లోనే ఆగారు. ఆమె చాకు పట్టుకుని వాళ్ళ వైపు చూసింది.

"మీ పిల్లలకు నీళ్ళు పోసిన నాడు నా చేతులు మంచియే ఉండె. నేను ముండమోసిందాన్నే గదా. మరి నా కోడలి చేతులకు ఏమైంది?"

చివరికి పక్కింటి అక్క ముందుకొచ్చి నోరు తెరిచింది. అత్తమ్మ తన చేత్తో ముక్క పెట్టింది. తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. ఆ వారంలోనే అక్క తన మనుమరాలి పుట్టినరోజుకు కేకు చెప్పింది. అందరూ మారిపోయారని చెప్పను. పెళ్ళిళ్ళకు ఇప్పటికీ కొందరు నా దగ్గర చేయించరు. కానీ ఆ రోజు తర్వాత ఎవరైనా నా నొసలు చూస్తే నేను తల దించుకోలేదు.

పోయిన వానాకాలంలో ఆమెకు ముద్ద దిగడం కష్టమైంది. గొంతులో గడ్డ అన్నారు. నిజామాబాద్ పెద్ద దవాఖానలో చూపించి, అక్కడ చేయగలిగింది చేయించి తీసుకొచ్చాం. చలి మొదలైనప్పుడు ఆమె మంచం మళ్ళీ ముందటి అర్రలోకి తెచ్చాను. ఓవెన్ వేడికి కాళ్ళు చాపుకుని పడుకునేది. నేను ఆమె చుట్టూ తిరుగుతూ పని చేసుకునేదాన్ని. తినలేకపోయేది. కేకు కాలుతుంటే కళ్ళు మూసుకునే, "అయింది, తియ్యి" అనేది. ఒక్కోసారి అయ్యేది కాదు. అయినా తీసి చూసి మళ్ళీ పెట్టేదాన్ని. ఆఖరి పొద్దున క్రీము అయిపోయిందని నిజామాబాద్ పోవడానికి నేను వెనకాడుతుంటే, "అక్క ఉన్నది గదా, పోయి రా" అని పంపింది.

అస్థికలు కలపడానికి కందకుర్తి పోయాం. కొడుకు వరసయ్యేవాడు ఎవరైనా కలపాలని చుట్టాలు అన్నారు. నేనే కలుపుతానన్నాను. కుండ అందుకున్నాను. గోదావరి మీద మంచు ఇంకా వీడలేదు. మంజీర వచ్చి కలిసే చోట నీళ్ళలోకి మోకాలి లోతు దిగి, కుండ వంచాను. బూడిద వెంటనే మునగలేదు. తెల్లగా విడిపోతూ, నీటి వాలును పట్టుకుని సాగింది. నాతోపాటు దిగిన మా పాప నా చెయ్యి పట్టుకుని చూస్తున్నది.

"అమ్మా, అవ్వ ఇంకా కనవడ్తున్నది" అన్నది.

గట్టు మీద నుంచి రమ్మని పిలుస్తున్నారు. మేమిద్దరం ఆ తెల్లటి జాడ మంచులోకి పోయేదాకా నీళ్ళలోనే నిలబడ్డాం.