మూత తీసే సుబ్బరత్నం

సుబ్బరత్నానికి ఒకే ఒక్క జబ్బుంది. ఎవరింటికి వెళ్లినా ముందు వంటగదిలో దూరి కూరగిన్నె మూత తీస్తుంది. ఊళ్లు తిరిగి టీకాలేసే ఏఎన్ఎంగా ముప్పై ఏళ్ల సర్వీసులో మాచర్ల చుట్టుపక్కల ఆమె సూది తప్పించుకున్న పిల్లలుంటే ఉండొచ్చు గానీ, ఆమె చేతికి చిక్కని గిన్నె మాత్రం లేదు.

పెళ్లికి పిలిస్తే అక్షింతలు తర్వాత, ముందు గాడిపొయ్యి దగ్గర తేలుతుంది. ఒకసారి తనిఖీకొచ్చిన పెద్ద ఆఫీసరుగారి క్యారేజీ విప్పి, "రోజూ వంకాయేనా సార్? ఆకు అనేది తెలవదా మీ ఇంట్లో?" అంది. పాపం, ఆయన ఆ పూట పెరుగన్నంతో సరిపెట్టుకున్నాడు.

తీసిన మూత ఊరికే పెట్టేస్తుందా అంటే అదీ లేదు. "ఏందే ఈ కూర? గేదె కూడా మూతి పెట్టదు. ఇది తిన్న బిడ్డకి టీకా ఏం పట్టుద్ది? పారబోసి నాది పోస్తున్నా చూడు" అని వీధి వీధంతా వినేలా అరిచి, తన క్యారేజీలోని మునగాకు పప్పు ఆ గిన్నెలోకి ఒంపేస్తుంది. వంటలో తనంతటిది లేదని ఆమెకు చెడ్డ పొగరని అందరూ అనుకునేవాళ్లు.

కొత్తగా ఏఎన్ఎంగా చేరిన హుమేరాకు ఇదంతా తలవంపులుగా ఉండేది. నాపరాళ్ల క్వారీ పక్కన కూలీల కాలనీలో పదమూడు మంది చంటిపిల్లలకు తట్టు టీకా వేయాలి. పక్క ఊళ్లో అప్పటికే తట్టు మొదలైంది. ఇలాంటప్పుడు తల్లులు అలిగితే ఎవరు నష్టపోతారు?

"అక్కా, మనం వచ్చింది టీకాకి. కూరల గొడవ మనకెందుకు?"

"టీకా అంటే ఏందమ్మా? ఒంట్లో ఉండే పోలీసోళ్లకి రోగమనే దొంగ ఫొటో చూపించటం. విటమిన్-ఏ తక్కువైతే ఆ పోలీసోళ్లు కునికిపాట్లు పడుతుంటారు. ఫొటో ఏం గుర్తుంటది?"

"దానికి సిరప్ వేస్తున్నాంగా."

"వెయ్యి. సూదీ వెయ్యి, ఏదీ ఆపబాకు. కానీ సిరప్ ఆర్నెల్లకోసారి. కడుపు రోజూ అడుగుద్ది."

హుమేరా నేరుగా తమ ఆసుపత్రి డాక్టర్ జయకృష్ణకు ఫిర్యాదు చేసింది. ఏఎన్ఎంలు వంటగదుల్లోకి వెళ్లరాదని ఆయన ఆర్డరు రాసిచ్చాడు. గిన్నె మూతల మీద ప్రభుత్వ ఉత్తర్వు వెలువడటం బహుశా అదే మొదలు. సుబ్బరత్నం దాని మీద సంతకం పెట్టి, సెలవు మీద వెళ్లిపోయింది.

ఆ బుధవారం హుమేరా టీకాల పెట్టె ముందేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చుంది. వచ్చింది ఇద్దరే. చేసేది లేక గడప గడపకూ తిరిగింది. క్వారీలో పనిచేసే శ్రీదేవి బిడ్డను చంకనేసుకుని గుమ్మానికి అడ్డం నిలబడింది.

"సుబ్బరత్నమ్మ ఏదమ్మా?"

"ఇంక రాదు. మీ వంటల్ని తిట్టదు. నాదీ పూచీ."

శ్రీదేవి ముఖం వాడిపోయింది. "తిట్టకపోతే ఎట్టాగమ్మా?"

హుమేరా తెల్లబోయింది. శ్రీదేవి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"వానలకి క్వారీలో నీళ్లు నిండి పనాగిపోయిందా? ఆమె మూత తీసిననాడు నా గిన్నెలో ఏం లేదమ్మా. ఖాళీ. చూసి కూడా, ఇదేం కూరే అని బజారంతా అరిచి పప్పు పోసింది. పక్కింటోళ్లు నాకు వంట రాదనుకున్నారు. కూరే లేదని ఎవురికీ తెలవలా. ఉన్నోళ్లనీ ఇట్టాగే తిడుద్దిగా, ఎవురికి అనుమానమొస్తది? మా పరువు కాసిన మనిషి ఆమె. ఆమె వస్తేనే మా బిడ్డలకి సూది."

హుమేరాకు సిగ్గేసింది. ఇన్నాళ్లూ పక్కనే నిలబడి, గిన్నెలోకి ఒక్కసారైనా తొంగిచూడనందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఆ సాయంత్రమే డాక్టరు చేత ఆర్డరు రద్దు చేయించి సుబ్బరత్నం ఇంటికి వెళ్లింది.

"రేపు రండక్కా. శ్రీదేవి చెప్పింది, ఆ ఖాళీ గిన్నె సంగతి."

"ఖాళీనా?" సుబ్బరత్నం ఇంతెత్తున లేచింది. "దానికి అంత అబద్ధం ఎట్టా నోటికొచ్చిందే? సొరకాయ పులుసు. కుళాయి నీళ్లల్లే ఉంది. నేను కళ్లారా చూశా."

మర్నాడు మిగిలిన పదకొండు మందికీ టీకాలు పడ్డాయి, పదకొండు కూరలకీ తిట్లు పడ్డాయి. సుబ్బరత్నం ఒక గిన్నె మూత తీయగానే పక్కింటావిడ ఎవరో లోపలికి తొంగిచూడబోతే హుమేరా గుమ్మానికి అడ్డంగా జరిగి, "చూడబాకండి పిన్నీ, వాసనకే కడుపులో తిప్పుతోంది" అంది.